కొండ కడుపులో ప్రకృతి దర్శనం

మా బావ స్విట్జర్లాండ్ పోయొచ్చాడు. ఈ సంగతి ప్రొద్దుటూరులో ఇంకా ఎవరికైనా తెలియకపోతే అది వాళ్ల అశ్రద్ధే గానీ బావ ప్రచారంలో లోపం కాదు.

ఆయన ఎక్కింది యుంగ్‌ఫ్రావ్ రైలు. 3,454 మీటర్ల ఎత్తున, యూరప్‌లోకెల్లా ఎత్తైన రైల్వే స్టేషన్‌కి పోతుంది. పట్టాల నడుమ పళ్లున్న మూడో పట్టా ఉంటుంది. బండి కింద పళ్ల చక్రం దాన్ని కరుచుకుని పైకి పాకుతుంది. "ప్రకృతి అంటే అదీ అబ్బీ!" అన్నాడు బావ.

నాకు లెక్కల పిచ్చి. లైను మొత్తం తొమ్మిది కిలోమీటర్ల చిల్లర, అందులో ఏడుకు పైగా సొరంగమే. అంటే జగత్ప్రసిద్ధ ప్రకృతి దర్శనంలో ముప్పావు భాగం కొండ కడుపులో కూర్చుని, కిటికీ అద్దంలో మన మొహం మనమే చూసుకోవాలి. ఈ మాటకు బావకు రోషమొచ్చింది. "మధ్యలో బండి ఆపి, రాతిలో తొలిచిన కిటికీల్లోంచి మంచు చూపిస్తారు, తెలుసా?"

"మరి పైన ఏం చూశావు బావా?"

"మబ్బు."

ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన అలెచ్ హిమానీనదం ఆ మబ్బు కిందే ఉందట. బోర్డు మీద రాశారు, బావ నమ్మాడు. ఫొటోలో వెనకంతా తెలుపు. మా పెరట్లో సున్నం గోడ ముందు నిలబడినా ఇదే వచ్చేది.

ఎగతాళి అనుకోకండి, ఆ లైనంటే నాకు బంధుప్రీతి. గుయర్ జెల్లర్ అనే వ్యాపారి 1896లో పని మొదలుపెట్టించాడు. ఏడేళ్లన్నారు, 1912కి అయింది. ఆయన 1899లోనే పోయాడు. శిఖరం దాకా వేస్తామన్న లైను కింద కనుమ దగ్గరే ఆగింది. ఇదంతా మన పద్ధతే కదా! మన ఎర్రగుంట్ల–నంద్యాల లైను 1996-97లో మంజూరై 2016కి పూర్తయింది. ఆల్ప్స్ లేకుండా, మంచు లేకుండా, నల్లరేగడి చేల మీదుగా వాళ్ల కన్నా నాలుగేళ్లు ఎక్కువ తీసుకున్నాం. దీన్ని ఎవరూ పొగడరు.

ఆ లైను మీదే జమ్మలమడుగు. అక్కడికి దగ్గర్లోనే గండికోట. పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుపోయిన లోయ. బావ ఈ వయసు దాకా అటు పోలేదు. "ఏముందిరా అక్కడ, రాళ్లు!"

అసలు లోపం రాళ్లది కాదు, దారిది. ఆటోలో పోతే దారి పొడుగునా అన్నీ కనబడతాయి. అందుకని పెద్దలకు నాదొక విన్నపం. జమ్మలమడుగు నుంచి కోట దాకా సొరంగం తవ్వించండి. కొండ అడ్డం లేకపోయినా ఫరవాలేదు, నేల కింద తవ్వొచ్చు. లోయ అంచున పొగ మిషన్లు పెట్టి పెన్న కనబడకుండా చూడండి. టికెట్ ధర స్విస్ ఫ్రాంకుల్లో ఉండాలి.

పథకం బావకు వినిపించాను. చాలాసేపు ఆలోచించాడు. కొక్కేనికి వేలాడుతున్న ఉన్నికోటు వైపు చూశాడు. ప్రొద్దుటూరులో అది వేసుకునే రోజే రాలేదు మరి.

"ఆ సొరంగంలో ఏసీ గట్టిగా పెడతారా?"