వాన పడుతోందని కూడా చెప్పని ఎఫ్ఎం ఎందుకండీ మనకి?

ఇందాకే ఇంటికొచ్చా, తడిసిన బట్టలు కూడా మార్చుకోకుండా రాస్తున్నా. హైదరాబాద్ మైత్రీవనం దగ్గర మోకాళ్ల లోతు నీళ్లు, ఆటోవాళ్లు దిగి బండ్లు తోసుకుంటున్నారు. ఎటు పోతే బయటపడతామో చెప్తారేమోనని కార్లో ఎఫ్ఎం పెడితే ఒక స్టేషన్‌లో ఆర్జే "ఈవెనింగ్ ఎంత ప్లెజెంట్‌గా ఉందో కదా ఫ్రెండ్స్" అంటోంది. రికార్డెడ్ షో! కిటికీలోంచి బయటకి చూసి వాన పడుతోందని చెప్పడానికి ఒక్క మనిషి లేడు.

రూల్స్ ఒప్పుకోవని మాత్రం అనకండి. ప్రైవేట్ ఎఫ్ఎంలు సొంత న్యూస్ చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవాలంతే, నిజమే. కానీ ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, నీళ్లు, తుపాను ఇవన్నీ చెప్పుకోవచ్చని ప్రైవేట్ ఎఫ్ఎంలకి కేంద్రం పెట్టిన ఫేజ్ త్రీ పాలసీలోనే ఉంది.

స్టేషన్లని అమ్మే పద్ధతిలోనే ఉంది అసలు రోగం. బిగ్ ఎఫ్ఎం చూడండి. 2019లో రేడియో సిటీ వాళ్లు 1,050 కోట్లు విలువ కట్టి కొంటామన్నారు, అనుమతులు రాక ఆ డీల్ పోయింది, కంపెనీ దివాలా కేసులోకెళ్లింది, చివరికి 2024లో సఫైర్ మీడియా అనే కంపెనీకి 261 కోట్లకి ఇచ్చేశారు. హైదరాబాద్‌తో కలిపి 58 స్టేషన్లు ఒకే మూటలో! అప్పులిచ్చినవాళ్లకి ఎంతొస్తుందనే లెక్కే గానీ ఆ ఊళ్లకి ఏం మిగులుతుందని అడిగిన నాథుడే లేడు.

మా బాబాయికి కూకట్‌పల్లిలో కర్టెన్ల షాపు. వేరే స్టేషన్‌లెండి, శ్రావణమాసం ముందు అందులో యాడ్ ఇచ్చేవాడు. ఆర్జే స్వయంగా షాపుకొచ్చి, తానులు విప్పించి, గుడ్డ పట్టుకుని చూసి మరీ చెప్పేవాడు, జనం ఆ పేరు చెప్పుకుని వచ్చేవాళ్లు. స్టేషన్ చేతులు మారింది, ఇప్పుడు ఫోన్ చేస్తే నాలుగు సిటీలు కలిపి ప్యాకేజీ తీసుకోండి అంటున్నారు. కూకట్‌పల్లిలో కర్టెన్లు కుట్టే మనిషికి నాలుగు సిటీలు ఏం చేసుకోవడానికి? ఆ యాడ్ స్లాట్లన్నీ ఇంకా కట్టకుండానే అమ్మే ప్రీలాంచ్ విల్లాల వాళ్లవే, రోజంతా అదే గోల.

నాకు ఎప్పటినుంచో ఉన్న మంట ఇంకోటుంది. టీవీకి, పేపర్‌కి, యూట్యూబ్‌కి లేని న్యూస్ నిషేధం ఒక్క ప్రైవేట్ రేడియోకే ఎందుకు? రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే చెప్పిందిగా! 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త ఊళ్లకి 730 ఎఫ్ఎం ఛానెళ్లు వేలం వేస్తామంది, ఏపీలో 22 ఊళ్లు, తెలంగాణలో 10. మాతృభాషలో లోకల్ కంటెంట్ వస్తుందన్నారు. ఖమ్మం రేడియో ఖమ్మం వార్త చెప్పకూడదంటే ఇంకేం లోకల్ కంటెంట్ అది? శ్రీకాకుళం స్టేషన్‌ని కూడా రేపు ఎవడో మూటలో కొనేసి ఇంకెక్కడినుంచో నడిపిస్తే తుపాను రాత్రి అక్కడి జనానికి ఎవరు చెప్తారు?

కేంద్రం ఒప్పుకోకుండా లైసెన్సు చేతులు మారదు కదా. మరి ఆ సంతకం పెట్టేముందే, ఊరికి ఎంతమంది అక్కడే కూర్చుని లైవ్ చేస్తారో కొనేవాడితో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే పర్మిషన్ ఇవ్వకండి.