భారత్-పాక్ నౌకాబలం: ఒడ్డునున్న లెక్క వేరు, నీళ్ల మీద లెక్క వేరు

ఏప్రిల్ 15 వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం తీరంలో మర బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్లు విప్పుతారు, పగిలిన ఫైబర్‌కు అతుకులేస్తారు, చిరిగిన వలలు బాగుచేసుకుంటారు. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి ఇసుకలో బోట్లు లెక్కపెట్టి ‘ఈ ఊరికి ఇంత వేట’ అని రాసుకుంటే మత్స్యకారులు నవ్విపోతారు. భారత్, పాకిస్తాన్ నౌకాదళాలను పోల్చే టీవీ చర్చలు చాలావరకు చేసేది ఆ లెక్కే. ఇటు రెండు విమానవాహక నౌకలు, అటు సున్నా. ఇటు అణు జలాంతర్గాములు, అటు లేవు. పట్టిక అయిపోయింది, గెలుపు మనదే.

పట్టికలో అబద్ధమేమీ లేదు. నౌకాదళాల్లో మోటుగా వాడే లెక్క మాత్రం ఇంకోలా ఉంటుంది: మూడు నౌకలుంటే ఒకటి సముద్రంలో, ఒకటి శిక్షణలోనో సన్నాహంలోనో, ఒకటి డాక్‌లో. యుద్ధం ముంచుకొస్తే రెండోదాన్ని తోలేయొచ్చు. మూడోదాన్ని ఎవరూ తోలలేరు. బ్యాటరీలు, యంత్రాలు బయటికి తీసిన జలాంతర్గామిని తిరిగి అమర్చి, దాని దేహానికి పీడన పరీక్షలు చేసి, లోతుకు దింపి చూసేసరికి నెలలు కాదు, ఏళ్లు గడుస్తాయి.

మన సంఖ్యకు రెండో కోత తీరం పొడవు వల్ల పడుతుంది. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. పాకిస్తాన్ తీరమంతా కలిపితే దానికి ఐదారు రెట్లు. కొత్త కొలతల ప్రకారం భారత తీరం 11,098 కిలోమీటర్లు. పాక్ నౌకాదళానికి కాచుకోవాల్సింది ఒక్క అరేబియా సముద్రం. మన దళం ముంబయి, విశాఖ కేంద్రాలుగా రెండు సముద్రాలకు చీలి ఉంటుంది. తూర్పున చైనా నౌకల రాకపోకలు కనిపెట్టాల్సిన పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. విశాఖలో ఉన్నదాన్ని పశ్చిమానికి పంపాలంటే లంకను చుట్టి వెళ్లాలి. అందుకే మొత్తానికి మొత్తం పెట్టి పోల్చడం తప్పు. పోల్చాల్సింది ఒక వారంలో ఉత్తర అరేబియా సముద్రానికి ఎవరు ఎంత చేర్చగలరన్నది.

ఆ కొలతలోనూ నీటిపైన పోరులో మన ఆధిక్యం స్పష్టమే. పహల్గామ్ దాడి జరిగిన వెంటనే విమానవాహక దళాన్ని ఉత్తర అరేబియా సముద్రంలో మోహరించామని 2025 మేలో మన నౌకాదళం ప్రకటించింది. పాకిస్తాన్‌కు డిస్ట్రాయర్లు, అంటే పెద్ద యుద్ధనౌకలు, లేవు. వారి ప్రధాన బలం చైనా నుంచి 2021-23 మధ్య తెచ్చుకున్న నాలుగు తుగ్రిల్ తరగతి ఫ్రిగేట్లు (డిస్ట్రాయర్ల కంటే చిన్నవి), అంతకు ముందు తీసుకున్న నాలుగు జుల్ఫికార్ తరగతి ఫ్రిగేట్లు, టర్కీతో కలిసి కట్టుకుంటున్న బాబర్ తరగతి కార్వెట్లు (ఇంకా చిన్నవి). మనకు విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లే నాలుగు. ఒక్కోటి సుమారు 7,400 టన్నులు, 16 బ్రహ్మోస్ క్షిపణులు, గగనతల రక్షణకు 32 బరాక్ క్షిపణులు. కొత్త ఫ్రిగేట్లు ఐఎన్ఎస్ ఉదయగిరి, హిమగిరి 2025 ఆగస్టు 26న విశాఖలోనే దళంలో చేరాయి.

ఇక్కడ ఒక్క అంకె దగ్గర ఆగాలి. 32. వస్తున్న ఒక్కో క్షిపణి మీదికి సాధారణంగా రెండేసి ప్రయోగిస్తారు. అంటే 16 లక్ష్యాలకు సరిపోతాయి. ఆ క్షిపణులుండే గొట్టాలను నడిసముద్రంలో మళ్లీ నింపడం కుదరదు, రేవుకు రావాలి. ఎదుటివాడు క్షిపణులకు ముందు చవక డ్రోన్లను గుంపుగా వదిలితే ఖరీదైన అమ్ములపొది వాటికే ఖాళీ అవుతుంది. ఇంత పెద్ద నౌకకు 32 తక్కువే.

పాకిస్తాన్ ఈ పోటీలో మనతో సమానం కావాలని అనుకోవడం లేదు. వారి ఎత్తుగడ వేరు: సముద్రాన్ని ఏలకపోయినా ఫర్వాలేదు, ఎదుటివాడిని దగ్గరికి రానివ్వకపోతే చాలు. దానికి జలాంతర్గామిని మించినది లేదు. 2015లో చైనాతో ఎనిమిది హంగోర్ తరగతి జలాంతర్గాములకు ఒప్పందం చేసుకున్నారు. నాలుగు చైనాలో, నాలుగు కరాచీలో కట్టాలి. మొదటిది 2024 ఏప్రిల్‌లో వూహాన్‌లో నీళ్లలోకి దిగింది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. 1971 డిసెంబరు 9న దియూ దగ్గర ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది పాత హంగోర్. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. నిజానికి ఖుక్రీ బయల్దేరింది హంగోర్‌ను వేటాడటానికి. హంగోర్ సోనార్ (నీటి అడుగున ధ్వనితో వెతికే పరికరం) వినగలిగిన దూరం ఖుక్రీ సోనార్‌కు అందలేదు. వేటగాడే వేటైపోయాడు.

కొత్త హంగోర్లలో అసలు సరుకు గాలి అవసరం లేని చోదక వ్యవస్థ, వాడుకలో ఏఐపీ. మామూలు డీజిల్ జలాంతర్గామి నీటి అడుగున బ్యాటరీ మీద నడుస్తుంది. కొద్ది రోజులకోసారి పైకొచ్చి, గొట్టం బయటపెట్టి, డీజిల్ ఇంజిన్ తిప్పి బ్యాటరీ నింపుకోవాలి. ఆ గొట్టం రాడార్‌కు దొరుకుతుంది, ఆ ఇంజిన్ చప్పుడు సోనార్‌కు దొరుకుతుంది. ఏఐపీ ఉంటే వెంట తెచ్చుకున్న ద్రవ ఆక్సిజన్‌తో నెమ్మదిగా కదులుతూ రెండు వారాల దాకా కిందే ఉండొచ్చు. వేగం మాత్రం రాదు. నాలుగైదు నాట్లు (గంటకు ఏడు నుంచి తొమ్మిది కిలోమీటర్లు) దాటి పరుగెత్తితే మళ్లీ బ్యాటరీనే తినాలి. కాబట్టి అది తరిమే జంతువు కాదు, దారిలో కాపు వేసే జంతువు. మన దిగుమతి చమురులో పెద్ద భాగం దిగే కచ్ సింధుశాఖ రేవులు, జామ్‌నగర్ శుద్ధి కర్మాగారాలు కరాచీకి ఎంత దగ్గరో పటం తీసి చూస్తే కాపు ఎక్కడ వేస్తారో ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఆరు కల్వరి తరగతి జలాంతర్గాముల్లో ఏఐపీ లేదు. చివరిదైన వాగ్షీర్ 2025 జనవరి 15న దళంలో చేరింది, అదీ లేకుండానే. డీఆర్డీవో సొంతంగా ఇంధన కణాల పద్ధతిలో చేస్తున్న వ్యవస్థను రీఫిట్ (భారీ మరమ్మతు) సమయంలో జలాంతర్గామి దేహాన్ని కోసి, మధ్యలో కొత్త ముక్క అతికి అమర్చాలి. దానికి సుమారు 1,990 కోట్ల ఒప్పందం 2024 డిసెంబరులో కుదిరింది. జలాంతర్గామి నీటి అడుగున వదిలే ఆయుధాలైన టార్పెడోల కథ ఇంకా చేదు. ఈ జలాంతర్గాముల కోసం అనుకున్న బరువైన టార్పెడోల కొనుగోలు, అమ్మే సంస్థ మాతృ కంపెనీ వేరే కుంభకోణంలో చిక్కుకోవడంతో రద్దయింది. కొత్త జలాంతర్గాములు పాతకాలపు టార్పెడోలతోనే నెట్టుకొచ్చాయి. పెళ్లికి కొత్త బండి కొని పాత టైర్లు తొడిగినట్టు.

అటువైపు ఇబ్బందులు లేవని కాదు. 2025 దాకా పాక్ చేతిలో తిరిగినవి పాత అగోస్టా జలాంతర్గాములే, ఐదు. మూడింట ఒకటి లెక్కన సముద్రంలో ఎన్నుండేవో ఊహించుకోవచ్చు. ఇదే చైనా కుటుంబానికి చెందిన జలాంతర్గామిని కొన్న థాయ్‌లాండ్‌కు జర్మనీ ఇంజిన్లు ఇవ్వనంది. చివరికి చైనా ఇంజిన్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఎనిమిదింటికి సిబ్బందిని తయారుచేసుకోవడం డబ్బుతో ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఇక వారి సముద్ర వాణిజ్యం దాదాపుగా పక్కపక్కనే ఉన్న కరాచీ, ఖాసిం రేవుల మీదే ఆధారపడి ఉంది. ఆ రెండు గుమ్మాలు మూస్తే దేశం ఊపిరాడదు. 1971 డిసెంబరు 4 రాత్రి నిపత్, నిర్ఘాత్, వీర్ అనే మన చిన్న క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేసి చూపించింది అదే.

జలాంతర్గామిని పట్టుకోవడమే నేటి అసలు లోటు. సముద్రంలో పైనీరు వేడి, కిందినీరు చల్లన. ఆ రెండూ కలిసే పొర దగ్గర ధ్వని వంగిపోతుంది. పైన నౌక అడుగున ఉన్న సోనార్ ఎంత అరిచినా, పొర కిందకు జారిన జలాంతర్గామికి తగలకపోవచ్చు. బంగాళాఖాతంలో ఇంకో చిక్కు ఉంది: గంగ, గోదావరి, మన వంశధార, నాగావళి తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. గుజరాత్ వైపు నీరు లోతు తక్కువ, అడుగు నుంచి ప్రతిధ్వనులు, పైన వేల మర బోట్ల రొద. అందుకే సోనార్‌ను పొర కిందికి దించాలి. ఆ పని బాగా చేసేది హెలికాప్టర్. గాల్లో నిలబడి తాడుతో సోనార్ ముంచి, విని, పైకి లాగి, ఇంకోచోట ముంచుతుంది. దాన్ని జలాంతర్గామి తిరిగి కొట్టడం కష్టం. మన దగ్గర ఇవే కరువు. కొత్త ఎంహెచ్-60ఆర్‌లు కొన్నది 24. హెలికాప్టర్ నిలిపే చోటు ఉన్న నౌకలు అంతకంటే ఎక్కువ. తీరానికి దగ్గర్లో వేటకు 16 చిన్న నౌకలు కట్టిస్తున్నారు. వాటిలో మొదటిది అర్నాలా 2025 జూన్‌లో విశాఖలో చేరింది. మంచి పనే. కానీ మూడో విమానవాహక నౌక గురించి జరిగే చర్చలో పదో వంతు హెలికాప్టర్ల గురించి జరిగి ఉంటే ఇంకా మంచిది.

ఇదంతా పశ్చిమ తీరం గొడవ, మనకెందుకు అనుకుంటే 1971 గుర్తుచేసుకోవాలి. మన పాత విమానవాహక నౌక విక్రాంత్ కోసం కరాచీ నుంచి లంకను చుట్టి వచ్చిన పాక్ జలాంతర్గామి గాజీ డిసెంబరు 3-4 అర్ధరాత్రి విశాఖ బయట మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ లోతు బాంబులతో ముంచిందని మన మాట, లోపలి పేలుడో సొంత మైనో కారణమని వారి మాట. ఏది నిజమైనా, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న రెండో ప్రపంచయుద్ధ కాలపు జలాంతర్గామి విశాఖ గుమ్మం దాకా రాగలిగింది. ఏఐపీ ఉన్న హంగోర్‌కు ఆ దూరం అంతకంటే సులువు.

ఉత్తరాంధ్ర పల్లెలకు మాత్రం పాక్ బలం డిస్ట్రాయర్లతోనో జలాంతర్గాములతోనో తెలిసింది కాదు, గస్తీ పడవతో తెలిసింది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాక్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుపోయింది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డారు. కచ్, సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే పాయలో సరిహద్దు నడి పాయలో ఉందని మనం, తూర్పు ఒడ్డున ఉందని వారు అంటున్నంత కాలం అక్కడి నుంచి సముద్రంలోకి గీత గీయలేరు. గీత లేని చోట గస్తీ పడవ ఎక్కడ ఆపితే అదే సరిహద్దు. చేపల బోట్లకు రెండువైపులా సందేశాలు పంపే, సరిహద్దు దగ్గరైతే హెచ్చరించే ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు ఉచితంగా పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. వేరావల్ వెళ్లే మనవాళ్లు ఎక్కేది మాత్రం గుజరాత్ యజమానుల బోట్లు. రేవు దాటకముందే ఆ పరికరం బోటులో ఉందా, దాని బ్యాటరీ పనిచేస్తోందా అని అడిగి చూసుకోవాల్సింది బోటు పెద్ద అయిన తండేలే.