చెట్టు ఉన్నవాడికి దరఖాస్తు, లేనివాడికి పార్కింగ్

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్లలో చట్టాన్ని గౌరవించే పౌరుడెవరో తెలుసుకోవాలంటే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూస్తే చాలు. గేటు నుంచి వెనక ప్రహరీ దాకా జానెడు మట్టి కూడా కనపడకుండా పార్కింగ్ టైల్స్ పరిచాడా, ఆయనే ఉత్తముడు. అదేంటి, చెట్టు పెంచేవాడు కదా ఉత్తముడు అంటారా? అయితే మీరు వాల్టా చట్టం చదవలేదన్నమాట.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన ఈ నీరు, భూమి, చెట్ల చట్టం ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. స్థలం మీది, మొక్క మీది, ఎండాకాలంలో పోసిన ట్యాంకర్ నీళ్లు మీవి. కొట్టాలంటే మాత్రం అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాలి, అధికారి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటి వాటికి మినహాయింపు ఉందిగానీ, నీడ కోసం పెరట్లో సుబాబుల్ వేసుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇక అసలు చెట్టే లేనివాణ్ణి ఎందుకు లేదని అడిగినవాళ్లనూ చూడలేదు.

అలాగని చట్టానికి కోరలు లేవనుకోకండి. 2021 ఫిబ్రవరిలో సైదాబాద్‌లో ఒకాయన కొత్త ఇల్లు కట్టుకోవడానికి అడ్డొచ్చిందని 40 ఏళ్ల వేపచెట్టు కొట్టించేశాడు. అటవీ శాఖ 62,075 రూపాయల జరిమానా వేసింది. చివరి 75 రూపాయలు గమనించండి, ఎంత శ్రద్ధగా లెక్కగట్టారో! ఇంతకీ కనిపెట్టిందెవరు? టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చేసిన ఓ 8వ తరగతి కుర్రాడు. ఇంత మహానగరానికి నిఘా విభాగం అతనొక్కడే. ఈపాటికి ఇంటర్ కూడా దాటేసి ఉంటాడు. ఎంట్రన్స్ పరీక్షల టెన్షన్‌లో పడ్డాక వీధిలో వేపచెట్ల సంగతి ఎవరు చూస్తున్నారో ఏమో.

అనుభవజ్ఞులు అసలు గొడ్డలి జోలికే పోరు. పూర్వం చెట్టు మొదలుకి కన్నం పెట్టి ఇంగువ కూరేవాళ్లు. ఇంగువ మీద నమ్మకం లేని ఈ తరం యాసిడ్ పోస్తోంది. ముందు కొనకొమ్మల ఆకులు పసుపెక్కుతాయి, తర్వాత బెరడు లేస్తుంది, ఆ తర్వాత ఇంటాయన బెంగగా మెడమీద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తూ, "ఏం తెగులో ఏమోనండీ, కళ్లముందే ఎండిపోయింది" అంటాడు. పక్కింటాయనా తోడవుతాడు. ఆ చెట్టు ఆకులు వాళ్ల సంపులో పడుతున్నాయని, పైగా అది ఈశాన్యంలో ఉందని పదేళ్లుగా మొత్తుకుంటున్నది ఆయనే. ఇక దరఖాస్తులో ఒక్క వాక్యం చాలు: ఎండిన చెట్టు, ప్రాణభయం. చచ్చిన చెట్టుని కాపాడమని ఏ అధికారి మాత్రం అంటాడు?

పచ్చదనానికి నిబంధనలు లేవా అంటే, అవీ ఉన్నాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం స్థలం 300 చదరపు మీటర్లు దాటితే ప్రహరీ వెంట మీటరు వెడల్పున మొక్కలు పెంచాలి. పెంచుతారు కూడా, ఇల్లు పూర్తయిందన్న సర్టిఫికెట్ కోసం ఫోటో తీసే రోజున. నర్సరీ నుంచి ఆటో ట్రాలీలో దిగిన క్రోటన్ కుండీలు సాయంత్రానికి వాపసు. మర్నాటినుంచి అక్కడ రెండో కారు.

ఈ గొడవలేవీ అంటనిది కరెంటు వాళ్ల కత్తి ఒక్కటే. చెట్లకొమ్మల తొలగింపు కారణంగా ఫలానా కాలనీకి విద్యుత్ సరఫరా ఉండదని పేపర్లో చిన్న ప్రకటన వస్తే చాలు. వైరు వైపున్న కొమ్మలన్నీ పోయి, సగం గుండు కొట్టించుకుని మధ్యలో మనసు మార్చుకున్నవాడిలా చెట్టు నిలబడుతుంది. బరువంతా ఒకే పక్కకి వాలి, గాలివానకి కూలి కారు మీద పడుతుంది. అప్పుడు తప్పెవరిది? చెట్టుది. కొట్టిన కొమ్మలు మాత్రం ఎత్తేవాళ్లు లేక ఫుట్‌పాత్ మీదే ఎండుతుంటాయి. (2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చడానికి బుల్డోజర్లు దిగడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడం ఇక్కడ ప్రస్తావించను. అది ప్రభుత్వం వారి వ్యవహారం, మనం పెరటి చెట్ల దగ్గరే ఉందాం.)

మనసొప్పనివాళ్లకి ట్రాన్స్‌లొకేషన్ ఉంది. కొమ్మలన్నీ కొట్టేసి, వేళ్లకి గోనెసంచి చుట్టి, మొద్దుని క్రేన్‌తో లారీ ఎక్కించి ఇంకోచోట పాతుతారు. పాతేరోజు ఫోటోలో నాయకులుంటారు. ఆర్నెల్ల తర్వాత చిగురేసిందా లేదా అని చూడ్డానికి ఎవరూ ఉండరు.

ఇంటి ఆవరణలో పెద్ద చెట్టు ఉన్నవాళ్లకి ఆస్తి పన్నులో ఓ వంద రూపాయలైనా తగ్గించమని కొందరు అమాయకులు అడుగుతున్నారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. అలా తగ్గిస్తే జనం టైల్స్ పగలగొట్టి మరీ వేప మొక్కలు నాటుతారు. అవి పెరుగుతాయి, పక్కింటి సంపుల్లో ఆకులు పడతాయి, దరఖాస్తులు గుట్టలు పడతాయి. ఉన్న సిబ్బందితో అన్ని చెట్లు చూసి రావడం అయ్యే పనేనా?