సవరణ: ఎపిడ్యూరల్ తీసుకున్నా ముర్రుపాలు పట్టొచ్చు

పురిటి నొప్పులు తెలియకుండా వెన్నులోకి ఇచ్చే మందును ఎపిడ్యూరల్ అంటారు. అది తీసుకున్న తల్లి 24 గంటలు పాలివ్వకూడదని మొన్నటి పోస్టులో రాశాం. అది తప్పు. అందులో వాడే బుపివకైన్, ఫెంటనిల్ మందులు పాలలోకి చేరేది చాలా స్వల్పం. పుట్టిన తొలి గంటలోనే బిడ్డకు పట్టమని తల్లిపాల వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిజేరియన్‌కి నడుములో ఇచ్చే మత్తుకూ ఇదే మాట.

జాగ్రత్తపడాల్సింది పురిటి నొప్పులు తగ్గడానికి ఇచ్చే పెథిడిన్ ఇంజక్షన్ దగ్గర. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. అది ఒంట్లో విడిపోయినప్పుడు పుట్టే నార్‌పెథిడిన్ అనే పదార్థం పసికందు ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది. అందుకే బిడ్డ మగతగా ఉండి సరిగా చప్పరించకపోవచ్చు. అలాగని ముర్రుపాలు పారబోయకండి, వెంటనే డబ్బాపాలకు దిగకండి. బిడ్డను బట్టలు లేకుండా తల్లి గుండెల మీద పడుకోబెట్టి, 2-3 గంటలకోసారి లేపి పట్టాలి. రొమ్ము పట్టకపోతే చేత్తో పిండి, మెలకువగా ఉన్నప్పుడు చెంచాతో పట్టండి. తొలిరోజు విడతకు 2-10 మిల్లీలీటర్లే సరిపోతాయి. ఎంత కదిపినా లేవకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి.