ఆ ఆర్డరు ఖైదీ చేతికి అందిందా?

ఒక ఖైదీ వేసిన పౌరహక్కుల దావాను, అతను కోర్టు ఆర్డర్లు పాటించలేదంటూ అమెరికా ఫెడరల్ కోర్టు కొట్టేసిందన్న వార్త చదివి బాధేసింది. కోర్టుకు ఆ అధికారం లేదని అనను. అక్కడి సివిల్ ప్రొసీజర్ రూల్ 41(బి) ఆ వీలు ఇస్తుంది. కానీ జైల్లో కూర్చుని ఆర్డరు పాటించడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి.

1996 నాటి చట్టం ప్రకారం ఎంత పేద ఖైదీ అయినా దావా వేసే 350 డాలర్ల ఫీజు వాయిదాల్లోనైనా మొత్తం కట్టాలి. దానికి ముందు తన జైలు ఖాతా 6 నెలల స్టేట్‌మెంట్ కోర్టుకు పంపాలి. అది ఇవ్వాల్సింది జైలు అధికారులే! చాలాసార్లు దావా వేసేది కూడా ఆ జైలు సిబ్బంది మీదే. వాళ్లు ఆలస్యం చేస్తే గడువు దాటేది మాత్రం ఇతనికి. మధ్యలో వేరే జైలుకు మార్చేస్తే కోర్టు ఉత్తరం పాత అడ్రస్‌కు వెళ్లి తిరిగొస్తుంది. చాలామందికి లాయరే ఉండడు.

'మళ్లీ వేసుకోవచ్చు' అని కొట్టేసినా, చాలా రాష్ట్రాల్లో దావా వేయడానికి కాలపరిమితి రెండు మూడేళ్లే. ఈలోపు అది దాటిపోతే అతన్ని కొట్టారా, మందులు ఇవ్వలేదా అన్నది ఏ జడ్జీ వినడు. దావా కొట్టేసే ముందు కోర్టు ఆ ఆర్డరు అతని చేతికి అందిందో లేదో జైలు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఒక్క ఉత్తరంతో అయ్యే పని అది.