మండలంలో బడికి దిక్కెవరు?

దేశంలోని బడులన్నిటి వివరాలతో కేంద్ర విద్యాశాఖ 2024-25 సంవత్సరానికి వెలువరించిన యూడైస్ లెక్కల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ ముందు వరసలో నిలిచాయి. నిలవకూడని చోట నిలిచాయి. ఒకే ఒక్క ఉపాధ్యాయుడితో నెట్టుకొస్తున్న బడులు దేశంలో 1,04,125 ఉంటే, వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌వే. మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. ఒక్క విద్యార్థి కూడా చేరని బడుల జాబితాలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం తెలంగాణది. అక్కడ అలాంటివి 2,245. ఇలాంటి లెక్క బయటపడినప్పుడల్లా అమరావతిలోనో హైదరాబాద్‌లోనో సమీక్ష జరుగుతుంది, నింద పాత ప్రభుత్వం మీదికి పోతుంది, కొత్త జీవో ఒకటి వెలువడుతుంది. ఆ బడులున్న మండలంలో మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు. అడగడానికైనా అక్కడ ఒక మనిషంటూ ఉండాలి.

పల్లె బడుల పాలనకు మన దగ్గర సరిపోయే కొలత మండలమే. అన్నీ తెలుసుకోవడానికి జిల్లా మరీ పెద్దది, టీచర్లను సర్దడానికి ఊరు మరీ చిన్నది. మండలమంటే కొన్ని పదుల ప్రాథమిక పాఠశాలలు, నాలుగైదు ఉన్నత పాఠశాలలు, చాలాచోట్ల ఒక కస్తూర్బా విద్యాలయం. వీటన్నిటికీ పెద్ద మండల విద్యాధికారి (ఎంఈఓ). ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల ఉపాధ్యాయుల జీతాల బిల్లులు చేయాలి, పాఠ్యపుస్తకాలు, యూనిఫాంలు పంచాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, బడి మానేసిన పిల్లల్ని వెతికించాలి, ప్రైవేటు బడుల మీద కన్నేసి ఉంచాలి. ఇవన్నీ అయ్యాక, వీలుంటే, తరగతి గదిలోకి వెళ్లి పిల్లవాడి చేత ఒక పేరా చదివించి చూడాలి. ఆ వీలు ఎన్నడూ దొరకదు.

తెలంగాణలో ఈ కుర్చీ సంగతి మరీ విచిత్రం. దాదాపు రెండు దశాబ్దాలుగా అక్కడ రెగ్యులర్ ఎంఈఓల నియామకం లేదు. మండలాలు 600కు పైగా ఉంటే అసలైన ఎంఈఓలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. మిగతాచోట్ల సీనియర్ ప్రధానోపాధ్యాయులే ఇన్‌చార్జులు. చాలాకాలం ఒక్కొక్కరి మెడకు రెండు మూడు మండలాలు చుట్టారు. 2024లో మండలానికొకరిని సర్దినా అది అదనపు బాధ్యతే. సొంత ఉన్నత పాఠశాలలో పదో తరగతి ఫలితాలకు ఆయనే జవాబు చెప్పాలి, మండలంలోని బడులన్నిటికీ ఆయనే జవాబు చెప్పాలి. పొద్దున ప్రార్థన అయ్యీ కాకముందే జిల్లా కార్యాలయం నుంచి ఫోను: ఫలానా నివేదిక ఒంటి గంటలోగా కావాలి. ఆయన మండల వనరుల కేంద్రానికి పరుగెత్తుతారు. అక్కడ ఉండేది ఒప్పంద పద్ధతిలో పనిచేసే ఎంఐఎస్ (సమాచార లెక్కల) సమన్వయకర్త, కంప్యూటర్ ఆపరేటర్, బడుల సముదాయాలను చూసే కొందరు సీఆర్పీలు. 2024 డిసెంబరులో బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింది ఒప్పంద ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు గానీ, ఈ భవనం నిలబడింది ఎవరి భుజాల మీదో చాలామందికి తెలిసిరాలేదు.

కారణం అడిగితే అందరూ సర్వీసు నిబంధనల వివాదం చెబుతారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు ఒక పక్క, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులు మరో పక్క. పదోన్నతి ఎవరిదన్న పేచీ ఉమ్మడి రాష్ట్రం నాటిది. 2017 జూన్‌లో ఇరువర్గాలనూ ఒకే సర్వీసు కిందికి తెస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, మరుసటి ఏడాది ఉమ్మడి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇరుపక్షాల వాదనలోనూ న్యాయం ఉండవచ్చు. తీర్పుల మీద తీర్పులు వస్తుండగా మూడో తరగతి పిల్లలు ఇంటర్ దాటిపోయారు. ఆంధ్రప్రదేశ్ దీనికి తనదైన ఉపాయం పన్నింది: 2022లో ప్రతి మండలానికీ రెండో ఎంఈఓ పోస్టును సృష్టించింది. ఒకటి ప్రభుత్వ యాజమాన్యం వారికి, రెండోది జిల్లా పరిషత్ యాజమాన్యం వారికి. కుర్చీలు నిండాయి, సంతోషమే. కానీ ఏ పని ఎవరిదో తేలక ఫైలు ఈ గదికీ ఆ గదికీ తిరిగే చోట, ప్రధానోపాధ్యాయుడు ఇద్దరికీ నమస్కారం పెట్టి వెనక్కి రావలసిందే. అక్కడ అధికారి లేకపోవడం జబ్బు, ఇక్కడ ఇద్దరుండటం మందు!

ఒకప్పుడు ఈ బడులకు ఊళ్లలోనే యజమాని ఉండేవాడు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినప్పుడు ప్రాథమిక బడులు సమితి కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు కిందికి వచ్చాయి. 1986లో సమితుల స్థానంలో మండలాలు వచ్చాక పేరు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలగా మారింది. గోడ మీద ఆ పేరు నేటికీ ఉంది. ఆ పాత రోజులు బంగారు కాలమేమీ కాదు. సమితి అధ్యక్షుడికి కోపం వస్తే పంతులుగారు తెల్లారేసరికి మూట సర్దుకోవలసి వచ్చేది. జీతం ఎప్పుడు వస్తుందో దేవుడికే ఎరుక. ఖజానా నుంచి 010 పద్దు కింద నెలనెలా జీతం ఇవ్వాలని ఉపాధ్యాయ సంఘాలు పోరాడాయంటే ఊరికే కాదు. వారు గెలిచారు, గెలవాలి కూడా. అయితే స్థానిక నాయకుడి పెత్తనాన్ని వదిలించుకునే క్రమంలో స్థానికుల అజమాయిషీ కూడా కొట్టుకుపోయింది. 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూల్లో 17వ అంశంగా ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చి మూడు దశాబ్దాలు దాటింది. నిధులు, సిబ్బంది, అధికారం అన్నీ రాజధానిలోనే ఆగిపోయాయి. జిల్లా పరిషత్తులో విద్య, వైద్యానికి స్థాయీ సంఘం ఉంది. దాని సమావేశానికి జిల్లా విద్యాధికారి వచ్చి ప్రగతి నివేదిక చదువుతారు, సభ్యులు తమ ఊరి ప్రహరీగోడ గురించి అడుగుతారు, తేనీరు తాగి లేస్తారు.

ఇక మిగిలింది తల్లిదండ్రులు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది వీరే. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు ఊహించలేం. ఏదైనా చిన్న బడికి వెళ్లి తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. ఒకే చేతిరాత. ఒకే వాక్యం: మరుగుదొడ్ల మరమ్మతుకు తీర్మానించడమైనది. కింద సంతకాలు, వేలిముద్రలు. మధ్యాహ్న భోజనం తినడానికి వచ్చిన పిల్లవాడి చేతికే పుస్తకమిచ్చి పంపితే, పత్తి చేలో ఉన్న తల్లి గట్టు మీద నిలబడి సంతకం చేసి పంపుతుంది. తప్పు ఆమెది కాదు. ఆమె వచ్చి కూర్చున్నా నిర్ణయించడానికి ఏమీ లేదు. 30 మందిలోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష ఏడాదికి ఇచ్చే ఏకీకృత గ్రాంటు 10,000 రూపాయలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫినాయిలు, చీపుళ్లు, విరిగిన కుళాయి, కాలిపోయిన బల్బు, జాతీయ పండుగల మిఠాయిలు అన్నీ ఇందులోనే. అదీ ఆర్థిక సంవత్సరం చివర్లో విడుదలైతే ఖర్చు చూపమని తొందర, ఆలస్యమైతే మిగులు వెనక్కి. జూన్‌లో కావలసిన సుద్దముక్కను హెచ్ఎం సొంత జేబు నుంచి కొంటున్నాడన్నది బహిరంగ రహస్యం.

పైగా ప్రభుత్వాలు మారినప్పుడల్లా కమిటీల పేర్లు, రూపాలు మారుతుంటాయి. తెలంగాణలో 2024 జనవరిలో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు నాయకత్వం వహించే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, పనులు, డబ్బు వాటి చేతికి పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద 15 వేలకు పైగా బడుల తొలి దశ పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. లోటుపాట్లు ఎన్ని ఉన్నా, చేతిలో డబ్బు పెడితే పల్లె తల్లిదండ్రులు సిమెంటు బస్తాలు లెక్కపెట్టగలరని అది రుజువు చేసింది. గోడలైపోగానే ఆ అధికారమూ అయిపోయింది. గోడల లోపల జరిగే చదువు గురించి వారిని అడిగినవారు లేరు.

ఆ చదువు ఎలా ఉందో మండలంలో ఎవరికీ కచ్చితంగా తెలియదు, అసలు బాధ ఇదే. మనకు తెలిసిన ఒకే ఒక్క కొలబద్ద పదో తరగతి ఉత్తీర్ణత శాతం. అది పదేళ్లు ఆలస్యంగా వచ్చే ఫలితం. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 ఫలితాల ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో అది 16.3. మెరుగుపడిందని సంబరపడవచ్చు, నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకా చదవలేకపోతున్నారని దిగులుపడవచ్చు. అసర్ నమూనా సర్వే. మన మండలం సంగతి, మన ఊరి బడి సంగతి దానితో తేలదు. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా చదవాలి, లెక్క చేయాలి అని కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ గడువు పెట్టింది. అందుకోసమే తెలంగాణ తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. ఉపాధ్యాయులు పిల్లవాడి స్థాయిని రాసి పైకి పంపుతూనే ఉన్నారు. హాజరు కోసం సొంత ముఖం ఫోటో కూడా పైకి వెళ్తోంది. అన్నీ వెళ్లేవే. ఫలానా మండలంలో ఫలానా బడులు వెనుకబడ్డాయి, అందుకు ఈ సాయం పంపుతున్నాం అని కిందికి వచ్చేదేదీ లేదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు ఇల్లు కొనేముందు వంటగదికన్నా ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూస్తారు. అక్కడ చాలాచోట్ల ఓటర్లు ఎన్నుకునే బోర్డు, అది నియమించే సూపరింటెండెంటు, బడుల వారీగా ఫలితాలు, బహిరంగ బడ్జెట్టు ఉంటాయి. ఆ పద్ధతిని ఇక్కడికి దించమని మేము అనడం లేదు. ఆస్తి పన్ను ఎక్కువ వచ్చే పేట బడి బాగుండి, పేదల పేట బడి చితికిపోవడం కూడా ఆ వ్యవస్థ ఫలితమే. బోర్డు ఎన్నికల్లో ఓటు వేసేవారు తక్కువే. అయినా అక్కడి చిన్న పల్లె డిస్ట్రిక్టులోనూ ఒక తల్లి ఫలానా ప్రశ్న ఫలానా మనిషిని అడగవచ్చు. మన తల్లికి ఆ చిరునామా లేదు.

రెండు ప్రభుత్వాలూ చేయగలిగిన పనులున్నాయి, అవి కోట్లతో కూడినవీ కావు. తెలంగాణ సర్వీసు వివాదం తేలేదాకా ఆగకుండా, పూర్తికాలం పనిచేసే ఎంఈఓను ఇవ్వాలి. ఆయన్ను సొంత బడి బాధ్యత నుంచి తప్పించి అక్కడ మరొకరిని పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరు ఎంఈఓలలో ఒకరిని బిల్లులు, సరఫరాల నుంచి విడదీసి చదువు ఒక్కటే చూడమనాలి. మండలానికి నలుగురో ఐదుగురో రిజర్వు ఉపాధ్యాయులు ఉండాలి. ఏకోపాధ్యాయ బడిలో ఆ ఒక్కరికీ జ్వరం వస్తే, శిక్షణకు వెళ్లమంటే, బడికి తాళం పడకూడదు. 60 మందిలోపు పిల్లలకు ఇద్దరు టీచర్లని విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117తో 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు తరలిపోయి, 1, 2 తరగతుల బడులు ఒంటరి టీచరుకు మిగిలాయి. ఆ జీవోను 2025లో రద్దు చేసి ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరన్నారు. మంచిదే. ఆదర్శం కాని బడి మాటేమిటి?

గ్రాంటు జూన్ మొదటి వారంలోనే బడి ఖాతాకు చేరాలి. ఏడాదికి రెండుసార్లు మండలంలోని బడుల వారీగా ఎంతమంది పిల్లలు చదవగలుగుతున్నారో, ఎన్ని పోస్టులు ఖాళీయో, ఎన్ని రోజులు టీచరు వేరే పనిమీద వెళ్లారో ఒక పేజీలో తెలుగులో అచ్చువేసి గ్రామసభలో చదివించాలి. జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప మరే పనికీ ఉపాధ్యాయుణ్ని వాడకూడదని 27వ సెక్షన్ అంటోంది కాబట్టి ఆ చివరి అంకె చాలా సంగతులు చెబుతుంది. దీన్ని ఉపాధ్యాయుల మీద కర్రగా వాడుకుంటారన్న సంఘాల భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే పోస్టుల ఖాళీలు, నిధుల జాప్యం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

విద్యార్థులు లేని బడుల్లో తెలంగాణలో 1,016 మంది ఉపాధ్యాయులు పనిచేస్తున్నట్టు అవే యూడైస్ లెక్కలు చూపాయి. వారిలో ఇప్పటికే ఎందరిని పక్క ఊరి బడికి సర్దారో చెప్పగలిగేది ఆయా మండల కార్యాలయాలే. ఆ వివరాలను పేర్లు లేకుండా, బడుల వారీగా విద్యాశాఖ వెంటనే బయటపెట్టాలి. అక్కడ మండల పరిషత్తుల పదవీకాలం 2024 జులైలోనే ముగిసింది. మళ్లీ ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థుల ముందు ప్రజలు పెట్టవలసిన మొదటి కాగితం అదే.