చలానా చిన్న పని కాదు

ఉదయం ఎనిమిదిన్నర. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఒక బండి వస్తోంది. నడుపుతున్నది తండ్రి. ముందు ట్యాంకు మీద చిన్న కూతురు, వెనక పెద్ద కూతురు. ఇద్దరి వీపులకీ బరువైన పుస్తకాల సంచులు. హెల్మెట్ ఉంది, కానీ ఆయన మోచేతికి వేలాడుతోంది. అల్లంత దూరాన ఖాకీ చొక్కా కనబడగానే ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. క్లిప్పు పెట్టుకోలేదు. జంక్షన్ దాటి వంద గజాలు పోగానే తీసి మళ్లీ మోచేతికి తగిలించుకున్నాడు. పిల్లల తలల మీద రిబ్బన్లు తప్ప ఇంకేమీ లేవు.

ఆ తండ్రిని తప్పుపట్టడం కోసం ఇది రాయడం లేదు. పోలీసు కనిపించినంతసేపూ హెల్మెట్ నెత్తిన ఉంది, ఆయన కనుమరుగు కాగానే దిగిపోయింది. ట్రాఫిక్ పోలీసు విలువ ఎంతో తెలియడానికి వేరే రుజువు అక్కర్లేదు.

అయినా మన పట్టణంలో ట్రాఫిక్ డ్యూటీకి ఎప్పుడూ ఆఖరి స్థానమే. మంత్రి వస్తున్నారంటే జంక్షన్‌లోని సిబ్బందిని బందోబస్తుకు పిలిచేస్తారు. సభ ఉన్నా, ధర్నా ఉన్నా అంతే. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎండకు నెత్తిన తువ్వాలు కప్పుకుని చేతులు ఊపుతూ ఒక హోంగార్డు మిగులుతాడు. ఏడు వైపుల నుంచీ వచ్చే ఆటోలు, బస్సులు, స్కూలు వ్యాన్లు, తోపుడు బళ్లు అన్నిటికీ అతనొక్కడే. అతని మాట వినేదెవరు? నడిరోడ్డు మీద ఆటో ఆపి జనాన్ని ఎక్కించుకునే డ్రైవర్ అతని వైపు చూడను కూడా చూడడు.

జనం మాట ఇంకోలా ఉంటుంది. ఊళ్లో దొంగలు తిరుగుతుంటే వాళ్లని వదిలేసి, పనికి పోయే మమ్మల్ని హెల్మెట్ లేదని ఆపి వెయ్యి రూపాయలు గుంజుతారా అని. ఈ మాటలో ఉక్రోషం నిజమైనదే, దాన్ని మేం కొట్టిపారేయం. కూలి చేసుకునేవాడికి వెయ్యి అంటే ఇంట్లో రెండు మూడు రోజులు పొయ్యి వెలిగే డబ్బు. కానీ లెక్క ఒకసారి చూడాలి. 2022లో దేశం మొత్తం మీద జరిగిన హత్యలు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లే 50,029 మంది. అంటే హంతకుల చేతుల్లో పోయినవాళ్ల కన్నా హెల్మెట్ లేక పోయినవాళ్లే ఎక్కువ. హత్య జరిగితే ఎస్పీ దాకా కదులుతారు, ప్రత్యేక బృందాలు వేస్తారు, మేమూ మొదటి పేజీలో వేస్తాం. బండి మీద నుంచి పడి చనిపోయిన కుర్రాడి వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లకు సరిపెడతాం. ఈ తప్పులో మాకూ వాటా ఉంది.

రోడ్డు ఎంత నిర్దయగా ఉంటుందో ఈ జిల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2012 నవంబర్ 2 తెల్లవారుజామున రణస్థలం దగ్గర జాతీయ రహదారి మీద ఆయిల్ ట్యాంకర్‌ను కారు ఢీకొని ఎర్రన్నాయుడు గారు పోయారు. కేంద్ర మంత్రిగా చేసిన మనిషి, నాలుగుసార్లు ఎంపీగా గెలిచిన మనిషి. ఆ తేదీ జిల్లాకి గుర్తుంది. అదే హైవే మీద పోయిన కూలీల తేదీలు వాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. అవతలి కట్ దాకా వెళ్లి తిరిగి రావడం దూరమని రాంగ్ రూట్‌లో బండి పోనిచ్చేవాళ్లను ఎచ్చెర్ల వైపు ఏ సాయంత్రం నిలబడినా చూడొచ్చు. ఎదురుగా గ్రానైట్ లారీ వస్తూ ఉంటుంది.

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఇక్కడి నుంచి విశాఖ తీసుకెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైనే ప్రయాణం. కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో మొదటి 7 రోజులకు లక్షన్నర రూపాయల దాకా ఆదుకుంటారు. ఎనిమిదో రోజు నుంచి ఆ పథకం ఆదుకోదు. పుస్తెలు తాకట్టుకు పోతాయి, తర్వాత ఉన్న అరెకరం పోతుంది. హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. వెయ్యి రూపాయల చలానా బరువేనని మేమూ ఒప్పుకుంటాం, ఆ అరెకరం ముందు పెట్టి తూచాలన్నదే మా మాట.

అలాగని కేవలం ఫైన్లు పెంచితే పని జరగదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల సవరణ చట్టం హెల్మెట్ జరిమానాను వంద నుంచి వెయ్యికి పెంచింది. మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టమనీ చెప్పింది. భయం మాత్రం పెరగలేదు. దొరకం అన్న ధీమా అలాగే ఉంది మరి. వెనక నుంచి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపే చలానా ఎప్పుడో మెసేజ్‌లో కనబడుతుంది, ఆ రోజు ఏం తప్పు చేశాడో కూడా మనిషికి గుర్తుండదు. పోలీసు ఎదురుగా నిలబడి బండి ఆపి, ఎందుకు ఆపాడో చెప్పి, హెల్మెట్ పెట్టించి పంపితే అది గుర్తుంటుంది. చెట్టు చాటున పొంచి ఉండటం, నెలాఖరుకు ఇన్ని కేసులు రాయాలని టార్గెట్లు పెట్టుకోవడం మానేయాలి. టార్గెట్ కోసం రాసిన కేసుకు జనంలో గౌరవం ఉండదు.

దొంగల మాటకొస్తే, మెడలో గొలుసు తెంపుకుపోయేవాడు నడిచి రాడు. నంబర్ ప్లేటు వంచేసిన బండి మీద వస్తాడు. ఇచ్ఛాపురం పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర గంజాయి పట్టుబడేది కూడా వాహనాలు ఆపి చూస్తేనే. పాలకొండ రోడ్డులో నిత్యం తనిఖీ ఉంటే, హెల్మెట్ లేనివాడితో పాటు కాగితాలు లేని దొంగ బండీ ఆగుతుంది. నేరాల పని వేరు, ట్రాఫిక్ పని వేరు అనుకోవడంలోనే లోపం ఉంది.

రాత్రి తనిఖీలు ఇంకా ముఖ్యం. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరమని చట్టం చెబుతోంది. బ్రీత్ ఎనలైజర్ పగలు పదకొండింటికి కాదు, రాత్రి పదకొండింటికి సింహద్వారం జంక్షన్ దగ్గర కనబడాలి. పద్దెనిమిదేళ్లు నిండని ఇంటర్ పిల్లల చేతికి బండి ఇచ్చే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని రాసి ఉంది. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు. కాలేజీల్లో చెప్పాలి, తర్వాత అమలు చేయాలి.

మన పోలీసులకు చేతకాక కాదు. రథసప్తమి నాడు అరసవల్లి చూడండి. లక్షల జనం వస్తారు. ఏ బండి ఎక్కడ ఆగాలో, ఏ బస్సు ఎటు తిరగాలో ముందే రాసి పెడతారు, మలుపు మలుపుకీ మనిషి ఉంటాడు. ఒక్క రోజుకు అంత చేయగలిగినవాళ్లు మిగతా రోజుల్లో ఐదారు జంక్షన్లకు ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కదలని సిబ్బందిని ఇవ్వలేరా? ఏ బందోబస్తు వచ్చినా వాళ్లను కదిలించకూడదు. సిగ్నళ్లు, చెరిగిపోయిన జీబ్రా గీతలు మున్సిపల్ కార్పొరేషన్ చూసుకోవాలి.

ఇక ఫోన్ల సంగతి. బండి ఆపగానే సగం మంది ‘ఇంటికే కదా, ఒగ్గేయండి బావూ’ అంటారు. మిగతా సగం ఎవరికో డయల్ చేసి, ‘సార్ మాట్లాడతారట’ అంటూ ఫోన్ ఎస్సై చేతికి అందిస్తారు. అవతల వార్డు నాయకుడో, పెద్ద నాయకుడి పీఏనో. ఎస్సై వింటాడు, పుస్తకం మూస్తాడు. పక్కనే ఫైన్ కట్టిన ఆటోవాడు ఇదంతా చూస్తూ ఉంటాడు. హెల్మెట్ లేని కానిస్టేబుల్‌నూ అతను చూస్తాడు. ఆ ఫోన్ ఎత్తొద్దని ఎస్పీ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. అలాంటి ఫోన్లు చేయబోమని అన్ని పార్టీల నాయకులూ బహిరంగంగా చెప్పాలి. ‘ప్రెస్’ అని రాసుకున్న బండిని ఆపినప్పుడు మా ఆఫీసుకూ ఫోన్ వస్తుంది. ఈ రోజు నుంచి మా పత్రిక తరఫున ఎవరూ వదిలేయమని అడగరు. ఎవరైనా మా పేరు చెబితే చలానా రాసి, ఆ బండి నంబరు మాకు పంపండి.